ఎడమ సీట్లోంచి వచ్చిన జవాబు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, వాటి మీద ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాను. ఫిల్మ్ నగర్‌లో కామెడీ సినిమాలకు మాటలు రాయడం నా వృత్తి. నేను తెల్లచీర కట్టించి, జుట్టు విరబోయించి, చివర్లో పేడకుప్పలో పడేసిన దయ్యాలన్నింటినీ ఒకచోట చేరిస్తే వాటికి ప్రత్యేకంగా ఒక ఎమ్మార్వో ఆఫీసు కావాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను చెప్పేదాన్ని మా ఇంట్లో సగానికి కోసి తీసుకుంటారు. సందులో కుక్క మొరిగితే చిరుతపులి గాండ్రించిందని చెప్పే రకాన్ని. అందుకే ఇది రాస్తూ ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఉబ్బిన చోటల్లా గాలి తీశాను. పేర్లు మార్చాను. మిగిలింది జరిగిందే.

మా అక్క భర్త నర్సింగ్ బావ విమానాల కెప్టెన్. షేక్‌పేటలో ఉంటాడు. ఇది జరిగిన రోజు ఉదయం ఆయన విశాఖకు విమానం నడపాలి. ఇంజిన్‌కు కావలసిన భాగమేదో రాలేదని విమానం రద్దు చేశారు. సరిగ్గా అదే రోజు మా సినిమాకు కాక్‌పిట్ సెట్ సిద్ధమైంది. మా డైరెక్టర్‌కు, అసలు పైలట్లు ఒకసారి చూసి తప్పులు చెబితే బాగుండునని కోరిక. నేను బావకు ఫోన్ చేశాను. ఆయన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకరు నాయుడుగారు, మరో కంపెనీలో కెప్టెన్, ఆయన విమానం కూడా ఆ రోజు లేదు. రెండో మనిషి షారోన్. బావ పక్కన కుడి సీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్. మధురానగర్‌లో వాళ్ల అమ్మతో ఉంటుంది. ఆ నెలలోనే ఆమెకు కెప్టెన్ శిక్షణ మొదలుకావాలి.

సెట్ అంటే ప్లైవుడ్డు, థర్మోకోలు, వెండి రంగు. కెమెరా పెట్టడానికి ఒక పక్క గోడ లేదు. రెండు సీట్లు మాత్రం నిజమైనవి. ఆర్ట్ డైరెక్టర్ వాటిని తుక్కు కింద తూకానికి కొన్నాడు. ఏ విమానానివో అతనికీ తెలియదు.

పైలట్లు ఒకచోట కలిస్తే ఆకాశం గురించి, మేఘాల గురించి మాట్లాడతారని నేను అనుకునేవాణ్ని. ఒక్కనాడూ మాట్లాడరు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కులు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. సెట్ బయట టీ కప్పులు పట్టుకుని ఆ రోజూ అదే మొదలుపెట్టారు.

"ఇంజిన్లు తనిఖీకి పోయినయ్, ఇంక రాలే," అన్నాడు బావ. "ఒకదాని సామాన్లు పీకి ఇంకోదానికి పెడ్తున్రు. రేపు దీనికి కావాలంటే మళ్ల దాంట్లకెల్లి పీకుతరు."

"మీది నయమండీ," అన్నారు నాయుడుగారు. "మా దగ్గర ఒకటి ఎన్నాళ్లుగా నిలబడిపోయిందంటే, దాని రెక్క కింద పావురాలకి మనవలు పుట్టారు."

"కొత్త కంపెనీ ఏదో వస్తున్నదట గద సార్?"

"వస్తోందండీ. పేరుంది, రంగుంది, లోగో ఉంది. విమానాలే ఇంకా లేవు."

"అయితే మా బామ్మర్ది సినిమా లెక్కనే ఉన్నది," అన్నాడు బావ నన్ను చూపిస్తూ. "పోస్టరొచ్చింది, కథ రాలే."

నేను కాక్‌పిట్ తలుపు దగ్గర, స్క్రిప్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. షారోన్ అప్పటికే లోపల కుడి సీట్లో కూర్చుంది. ఆమె చేతిలో చెక్‌లిస్ట్ కార్డు ఉంది. మా వాళ్లు షూటింగ్ కోసం అచ్చువేసింది.

ఇక్కడ వాళ్ల పని పద్ధతి ఒకటి చెప్పాలి. బయలుదేరే ముందు ఇద్దరిలో ఒకరు కార్డు చూసి ఒక్కొక్క పేరూ చదువుతారు. రెండోవారు ఆ మీట చూసి జవాబు చెబుతారు. జవాబు వినకుండా తర్వాతి దానికి పోరు. అది ఎంత అలవాటంటే, బావ వాళ్లింట్లో అక్క "గ్యాస్ కట్టేశావా?" అంటే కూడా స్టవ్ దాకా వెళ్లి చూసి "ఆఫ్" అంటాడు.

షారోన్ కూడా అలవాటుగానే, కార్డు మీద నుంచి కళ్లెత్తకుండా చదివింది.

"పార్కింగ్ బ్రేక్."

"సెట్ తల్లీ."

"సీట్ బెల్ట్ సైన్స్."

"ఆన్ తల్లీ."

మగ గొంతు. కాస్త బొంగురు. గోదావరి వైపు యాస. అరవలేదు, గొణగలేదు, పక్కన కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడినట్టు.

"ఫ్యూయల్."

"చాలు తల్లీ. ఇంటికి చేరతాం."

ఆ జవాబు పుస్తకంలో ఉండదు. అక్కడ కిలోల లెక్క చెప్పాలి. తప్పు చెప్పారేమిటని షారోన్ ఎడమవైపు తిరిగింది. నేనూ అటే చూస్తున్నాను. ఎడమ సీటు ఖాళీగా ఉంది. బావ బయట, గోడ లేని వైపు, టీ తాగుతూ పావురాల సంగతికి నవ్వుతున్నాడు.

నా వెంట్రుకలు ఆకాశానికి నిక్కబొడుచుకున్నాయి అని రాసి కొట్టేశాను. అదేం జరగలేదు. నాకు నోరు ఎండిపోయింది, అంతే.

షారోన్ చేతిలోంచి కార్డు జారింది. "డాడీ" అంది. ఖాళీ సీటు చేతిని పట్టుకుని, యూనిట్ అంతా వినేలా ఏడ్చింది. ఆమె తండ్రి కూడా పైలట్. ఆమె ఉద్యోగంలో చేరకముందే జబ్బుచేసి పోయాడు. చిన్నప్పుడు ఇంట్లో గోడకు కాక్‌పిట్ బొమ్మ అంటించి, రెండు కుర్చీలు వేసి, కూతురి చేత చెక్‌లిస్ట్ చదివించేవాడట. ప్రతి జవాబుకూ చివర "తల్లీ" అనేవాడట. ఇదంతా ఆమె ఏడుస్తూనే చెప్పింది. కాస్ట్యూమ్స్ చూసే లక్ష్మిగారు తనకూ మగ గొంతు వినపడిందని చెంపలు వేసుకున్నారు. నలభై మంది అనబోయాను, పన్నెండు మందే, చుట్టూ మూగారు. ఇద్దరి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి.

బావ నన్ను థర్మోకోల్ మేఘం వెనక్కి లాక్కుపోయాడు.

"బామ్మర్ది, ఇది బయటికి పోతే పోరి పని ఖతం. పైలట్‌కు లేని మనిషి గొంతు ఇనబడ్డదని ఎవడన్న రాసి పంపితే డాక్టర్లు కింద కూసోబెడ్తరు. మళ్ల ఎగరనియ్యరు. జర ఏమన్న జెయ్యి."

"నాక్కూడా వినపడింది బావా."

"నీకు ఇనబడ్డదంటే ఎవడు నమ్ముతడు?"

నిజమే. నేను ముందుకొచ్చి, చేతులు జోడించి, "క్షమించాలి, ఆ గొంతు నాదే, మిమిక్రీ చేశాను" అన్నాను.

నా జీవితంలో ఎన్నో అబద్ధాలు చెప్పాను. ఇంత తేలిగ్గా ఒక్కటీ చెల్లలేదు. ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. ఫోన్లు దిగిపోయాయి. నవ్వులు. డైరెక్టర్ చప్పట్లు కొట్టి దీన్ని సీన్‌లో పెడదామన్నాడు. నాకు వచ్చిన మిమిక్రీ అంతా కలిపితే ఒక కాకి, ఒక కుక్కర్ విజిల్.

షారోన్ మాత్రం నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, "మా డాడీ గొంతు మీకెలా తెలుసు అంకుల్?" అంది.

"ఇంటర్నెట్‌లో... ఆయన మాట్లాడిన వీడియో ఏదో చూశానమ్మా."

ఆమె నా మొహం వైపు కొంతసేపు చూసింది. చచ్చిపోయిన తండ్రిని ఎగతాళి చేసినవాడి వైపు ఏ కూతురైనా ఎలా చూస్తుందో అలా చూసింది. లేచి వెళ్లిపోయింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. లక్ష్మిగారు వెళుతూ వెళుతూ, "ఛీ, ఆడపిల్ల దగ్గరా మీ వేషాలు" అన్నారు. నాయుడుగారు ఈనాటికీ నాతో మాట్లాడరు.

షూటింగ్ అయిపోయి సెట్ విప్పేటప్పుడు నేను దగ్గరుండి ఆ ఎడమ సీటు కుట్లు ఊడదీయించాను. స్పాంజి, ఇనుప చట్రం, ఎలక పెంటికలు. స్పీకరు లేదు, వైరు లేదు. టీ టైం కాబట్టి సౌండ్ వాళ్లు ఏదీ రికార్డు చేయలేదు. షారోన్ తండ్రిని నేను ఎన్నడూ చూడలేదు, ఆయన గొంతు ఎన్నడూ వినలేదు.

షారోన్ శిక్షణ పూర్తి చేసింది. పోయిన నెల ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగితే తలుపు తీశాను. యూనిఫాంలో నిలబడి ఉంది. భుజాల మీద కెప్టెన్ నాలుగు గీతలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీ మీద కోపం పోలేదు అంకుల్. పని ఉండి వచ్చాను," అంది. "డాడీ గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఆయన మాటలున్న పాత ఫోన్ పాడైపోయింది. అమ్మ ఒక్కసారి వినాలంటోంది. మీరు చూశానన్నారే, ఆ వీడియో పంపుతారా? నేను చాలా వెతికాను, దొరకలేదు."

నేను మళ్లీ లోపలికి రమ్మన్నాను.

"పోనీ మీరే ఒకసారి చేయండి. రికార్డు చేసుకుంటాను." ఫోన్ తీసి నా నోటి ముందు పెట్టింది. ఎర్ర చుక్క వెలిగింది.

నిజం చెబితే, ఆ రోజు విన్నది తండ్రినే అని ఆమెకు తెలుస్తుంది. తెలిసిన మనిషి రేపు నిండు విమానాన్ని గాల్లోకి లేపాలి, డాక్టర్లకు దాచిపెట్టి. చెప్పకపోతే, తండ్రి గొంతు నా దగ్గర ఉండి కూడా ఇవ్వని నీచుణ్ని నేను. ఆ రెండింటి మధ్యా నోరు తెరిచాను. "సెట్" అన్నాను. నా గొంతే వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాను.

"వీడియోనే వెతికి పంపిస్తానమ్మా," అన్నాను.

అప్పటినుంచి రెండు మూడు రోజులకోసారి మెసేజ్ వస్తుంది. "దొరికిందా అంకుల్?" అని. "వెతుకుతున్నానమ్మా" అని పంపుతాను. అది అబద్ధం కాదు. నేనే పుట్టించిన వీడియో కోసం, అందరూ పడుకున్నాక, నిజంగానే వెతుకుతున్నాను. ఆ గొంతు ఈ లోకంలో ఎక్కడో ఒకచోట ఉండాలి, అది ఎప్పుడో ఒకప్పుడు నా చెవిన పడి ఉండాలి. లేకపోతే ఆ రోజు నేను విన్నదేమిటో నాకు తెలియదు.

ఇంతవరకు దొరకలేదు.