పెళ్ళికొడుకు బూట్లకు నేను చేసిన సేవ

గంగాళం నిండా నీళ్ళు, గుప్పెడు చాకలి సోడా, గుండె నిండా భక్తి. ఈ మూడింటితో కుదరబోయే పెళ్ళిని ఎలా చెడగొట్టవచ్చో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. యాభైల నాటి మదరాసులో, పెరంబూరులో, ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని నేర్చుకుంటూ టైఫాయిడుతో మంచం పట్టాను. పక్కింటి రాజమ్మత్త నాకు చుట్టమేమీ కాదు. అయినా మూడు వారాలు తన పని మానుకుని, నోట్లో గంజి పోసి నన్ను బతికించింది. లేచి తిరిగాక ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం. దేవుడికి కృతజ్ఞత నోటితో చెబితే చాలదు, సాటిమనిషికి చేతులతో సేవ చేయాలన్నారు మా చర్చి పాస్టరు అయ్యగారు. ఆయన తప్పేమీ లేదు. చేసేముందు ఒక మాట అడగమని కూడా చెప్పి ఉంటే బాగుండేది, అంతే.

అత్త కూతురు రిబ్కా మంచి పొడగరి. పిల్ల మరీ పొడుగని అప్పటికే మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే తలెత్తుకుని తిరగలేనని అత్త బెంగ. తిరువొత్తియూరు నుంచి అబ్బాయీ, వాళ్ళ నాన్నా ఆదివారం మా గుడికి వచ్చేట్టు, ఆరాధన కాగానే ఆవరణలో పిల్లను చూసేట్టు, ఆపైన గుడి వెనకే ఉన్న అత్తింట్లో కాఫీ తాగేట్టు మాటయింది. రైలు దిగి వస్తున్న అబ్బాయిని దూరాన్నుంచి చూసి, మన పిల్లకన్నా ఓ అంగుళం ఎత్తేనని అత్త కళ్ళు తుడుచుకుంది.

ప్రసంగం మొదలైంది, నాకు సేవ పూనింది. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు గదా, నేను చుట్టాల కాళ్ళు కడుగుదామనుకున్నాను. తీరా చూస్తే కాళ్ళు గుళ్ళో ఉన్నాయి, బూట్లు గుమ్మం దగ్గరున్నాయి. దొరికినదానితో సరిపెట్టుకున్నాను.

పెళ్ళికొడుకు బూట్లు పట్టుకుని అత్త పెరట్లోకి నడిచాను. నాకోసమే నింపినట్టు గంగాళం నిండా నీళ్ళున్నాయి. బూట్ల లోపల మడమల దగ్గర నాలుగేసి అట్టముక్కలు కనిపించాయి. పాపం, సైజు కుదరక కుక్కుకున్నాడని జాలిపడి తీసి పారేశాను. అటుగా వచ్చిన మేక వాటిని సుబ్బరంగా నమిలింది. ఇక సోడా వేసి, పీచు పెట్టి, ఇంజను తుప్పు వదిలించినట్టు తోమాను. ఉన్న నీళ్ళన్నీ పోసి జాడించాను.

జనం బయటికొచ్చేసరికి బూట్లు కాఫీలో ముంచిన బన్నుల్లా ఉబ్బి ఎండలో ఉన్నాయి. అబ్బాయి ఉత్తికాళ్ళతో ఆవరణలోకి దిగాడు. ప్యాంటు అంచులు నేల ఊడుస్తున్నాయి. రిబ్కా ఎదుట నిలబడితే తల ఆమె నుదుటి దగ్గరే ఆగిపోయింది.

“ఈడికి పిలిచి ఇంత అవమానం చేస్తారా,” అని పెద్దాయన కొడుకు చెయ్యి పట్టుకుని గేటువైపు కదిలాడు. అత్త ముఖం తెల్లబోయింది. నాకు మళ్ళీ జ్వరం వచ్చినట్టయింది. పరుగెత్తి అడ్డం నిలబడి, నేరం నాదేనని ఒప్పుకున్నాను. అంతటితో ఊరుకోవచ్చు గదా? బూట్లు ఆరితే బాగానే ఉంటాయి, లోపలి అట్టముక్కలు మాత్రం మేక తినేసిందని కూడా విన్నవించుకున్నాను.

పెద్దాయన ఆగిపోయాడు. అందరి చూపులూ అబ్బాయి మడమల మీద పడ్డాయి. రిబ్కా నాలుగడుగులు ముందుకేసింది.

“ఇదేనా మీ అసలు ఎత్తు? ఇంకా తీసేసేది ఏమన్నా ఉండాదా?”

“ఇంతేనండి,” అన్నాడతను తలొంచుకుని. “పొట్టోడినని ఆడా ఈడా వద్దన్నారు.”

“అయితే సరి. మీ ఎత్తు మీది, నా ఎత్తు నాది,” అని ఆ పిల్ల ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. పెద్దాయనకు కోప్పడడానికి ఏమీ మిగల్లేదు. నేను గెలిచిన గుర్రంలా అందరికన్నా ముందు అత్తింట్లోకి నడిచాను.

చుట్టాలు కూర్చున్నారు. అత్త కాఫీకని పెరట్లోకి వెళ్ళింది.

“దావీదూ, గంగాళంలో నీళ్ళేవిరా?”

నేను పెరటి గుమ్మం దాకా వెళ్ళి, ఎండలో ఆరుతున్న బూట్లను చూపించాను.

“తెల్లారకముందే కుళాయి కాడ నిలబడి పట్టుకొస్తినే. ఇంక సాయంత్రం దాకా నీళ్ళు రావు. నాకేమన్నా చెయ్యాలనుంటే నన్నడగొచ్చు గదరా. రెండు బిందెలు మోసుకురమ్మని ఉందును.”

ఆ పూట చుట్టాలు పక్కిళ్ళ నీళ్ళతో కాఫీ తాగారు. పెళ్ళయ్యేదాకా అత్తింటికి నీళ్ళు మోసింది నేనే.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. కృతజ్ఞత ఎంత పొంగుకొచ్చినా, అడగకుండా ఏ బూటునూ నీటితో ముట్టను, నా సొంతవైనా సరే. నా చెప్పుల మీది దుమ్ము చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే, అది బద్ధకం కాదని, నా మొక్కుబడని మనవి చేసుకుంటాను.