రేకుపెట్టెలో మోగిన ఫోను

పోయిన మంగళవారం ఉదయం మిల్లు మేనేజరుగారి నంబరు నుంచి ఫోను వచ్చింది. నాలుగు నెలల్లో ఆ నంబరు నుంచి నాకు వచ్చిన మొదటి ఫోను అదే. సంబరంగా ఎత్తి "చెప్పండి సార్" అన్నాను.

అవతల ఆడగొంతు. "నేను సారు కోడలినక్కా. మామ తెల్లారుజామున పోయినాడు. గుండెపోటు. ఫోన్లో మీ మిస్డ్ కాల్సే ఎక్కువుండాయి, దగ్గరోళ్లేమో అని చేస్తాండా."

అలవాటు కొద్దీ నోట్‌బుక్ తీసి తేదీ రాశాను. దాని ఎదురుగా ఏం రాయాలో తెలియలేదు.

పిల్లల చదువులయ్యాక, నలభై ఆరేళ్లకు నేను ఎంబీఏలో చేరాను. చివరి ప్రాజెక్టు ఏదైనా పనిచోట చేయాలి. మా ఎమ్మిగనూరుకు దగ్గరే కదా అని ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఎంచుకున్నాను. ఆడకూలీలు సీజను మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది నా అంశం. మేనేజరుగారు ఒకసారి సరేనన్నారు. ఆ తర్వాత దొరకలేదు. ఇంటివేళల్లో ఫోను చేస్తే మర్యాద కాదని పగటిపూటే చేసేదాన్ని. తేదీ, టైము, 'ఎత్తలేదు' అని రాసుకునేదాన్ని. అలా రెండు పేజీలు నిండాయి.

"మీ సారు దేవరగట్టు జాతర జనంలోనన్నా దొరుకుతాడు గానీ ఫోన్లో దొరకడు" అని మా ఆయన నవ్వేవారు. పొగరుమనిషని నాకు కోపం.

చివరికి బస్సెక్కి వెళ్లాను. మిల్లు గేటు దగ్గర నిలబడి మళ్లీ ఫోను చేశాను. వాచ్‌మన్ ముందున్న రేకుపెట్టెలో, బీడీకట్టలు, అగ్గిపెట్టెల మధ్య, ఫోను మోగింది.

"లోపలంతా పత్తి కదమ్మా, రవ్వ పడితే అంతే. అందరివీ ఈడ పెట్టాల్సిందే. ముందు సారే పెడతాడు" అన్నాడు వాచ్‌మన్.

లోపల కనుబొమల మీద కూడా దూది పేరుకున్న మేనేజరుగారు పత్తిగింజ కొరికి తేమ చూస్తున్నారు. నా నలభై ప్రశ్నల కాగితం చూసి నవ్వారు.

"వాళ్లకు టీకి పది నిమిషాలు. ఇన్ని అడిగితే టీ చల్లారిపోదామ్మా? పత్తిలో సెత్త ఏరినట్టు ఏరు."

ఏరితే నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటితోనే అసలు సంగతి తెలిసింది. చంటిపిల్లల్ని పడుకోబెట్టే చోటు లేదు. "బిడ్డ దూదిలో దగ్గుతాంటే ఈ కూలి ఎవరికి కావాలక్కా?" అంది ఒకామె. నేను అడుగుతున్నంతసేపూ ఆయన తన కుర్చీ నాకిచ్చి, గోడకానుకుని టీ తాగేవారు. ఈ వయసులో నీకెందుకమ్మా చదువని ఒక్కసారి కూడా అనలేదు.

గేటు పక్కనున్న గోనెసంచుల గది ఖాళీ చేయించి, పిల్లలకు ఉయ్యాలలు కట్టించమని రిపోర్టులో రాశాను. తీసుకెళ్లి ఇస్తే ఆయన అది భద్రంగా చంకలో పెట్టుకున్నారు.

"ఓనరును అడుగుతా. ఈసారి నువ్వు చేయొద్దు, నేనే ఫోను చేస్తా."

ఆ మంగళవారానికి వారంగా ఆ ఫోను కోసమే ఎదురుచూస్తున్నాను.

మర్నాడు, బుధవారం, మిల్లుకు వెళ్లాను. నన్ను చూడగానే వాచ్‌మన్ తాళంచెవి తీసుకుని లేచాడు. "శనివారమే సంచులు తీయించినాడమ్మా. ఓనరు వద్దంటే ఆయప్పతో కొట్లాడి ఒప్పించినాడు. ఉయ్యాల కట్టినాంక నీకు ఫోను చేస్తా అన్యాడు."

తలుపు తీశాడు. గోడలకు కొత్త సున్నం. దూలం నుంచి రెండు తాళ్లు సమానంగా వేలాడుతున్నాయి, చివర్లకు ముడులు కూడా వేసి ఉన్నాయి. ఉయ్యాల చీర ఇంకా కట్టలేదు.