సగం చెప్పిన సంగతి

డిసెంబరు నెల వచ్చిందంటే కాంతమణి టీచరమ్మకు కూర్చోవడానికి తీరికుండేది కాదు. తెల్లారకముందే లేచి పొయ్యి ముట్టించాలి. లాలాగూడ వర్క్‌షాపులో గుమాస్తాగా ఉన్న భర్త జ్ఞానశేఖర్‌కు అన్నం గిన్నె సర్దాలి. కూతుళ్ళు ఎమిలీకి, దేవకృపకు జడలు వెయ్యాలి. ఆ తర్వాత మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడికి పరుగు. బడిలో ఒకపక్క పరీక్షలు, మరోపక్క క్రిస్మస్ నాటకం. దేవదూతల రెక్కలకు గుడ్డ చాలదు, గొర్రెల కాపరులకు మాటలు గుర్తుండవు. సాయంత్రం ఇల్లు చేరితే గోడలకు సున్నం, పిల్లల గౌన్లు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు లాంటి పిండివంటలు. ఇన్నిటి మధ్యా ఆమె నవ్వుతూనే ఉండేది. బడిలో జరిగింది, బజార్లో జరిగింది, ఎవరు ఎట్లా నడిచారో ఎట్లా మాట్లాడారో, వాళ్ళ గొంతుతో సహా రాత్రి అన్నాల దగ్గర ఆడి చూపించేది. జ్ఞానశేఖర్ ముద్ద చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు. ఒంగోలు నుంచి ఉద్యోగానికొచ్చి ఈ సికింద్రాబాదు పిల్లను చేసుకున్నది ఈ మాటల కోసమేనని అందరితో చెప్పుకునేవాడు.

క్రిస్మస్ కేకు మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. రెజిమెంటల్ బజారులో వాళ్ళ ఇంటికి నాలుగు గుమ్మాల అవతల దస్తగీర్ మియా రొట్టెల భట్టీ ఉండేది. పండగ ముందు వారంలో చర్చి ఆడవాళ్ళంతా పిండి ఇంట్లోనే కలిపి, ఎవరి డబ్బాలో వాళ్ళు పోసుకుని, పైన గుడ్డ కప్పి అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు. రొట్టెలు దిగాక, భట్టీ వేడి కాస్త తగ్గాక, మియా పొడుగాటి చెక్క పారతో ఆ డబ్బాలను ఒక్కొక్కటిగా లోపలికి తోసేవాడు. తమ డబ్బా మాడకుండా ఎవరికి వాళ్ళు అక్కడే కాపలా. భట్టీ ముందున్న బల్లల మీద కూర్చుని చెప్పుకున్నన్ని కబుర్లు చర్చి వరండాలో కూడా చెప్పుకునేవాళ్ళు కాదు. మియా భార్య మహబూబ్ బీ అందరికీ చాయ్ పోసేది. "మీ ఏసయ్య పుట్టిండో లేదో గాని నా చాయ్‌పత్తి మొత్తం ఖతం," అని ఏటా అదే మాట అనేది. ఏటా అందరూ నవ్వేవాళ్ళు.

నలభై ఎనిమిదిలో అట్లా జరగలేదు.

ఆ ఏడు ఆగస్టులో ఊళ్ళో రజాకార్ల భయం ముదిరి, తెలిసినవాళ్ళు చాలామంది బెజవాడ రైలెక్కి వెళ్ళిపోయారు. కాంతమణి వాళ్ళు వెళ్ళలేదు. ఒకరోజు సాయంత్రం బజార్లో ఏదో గలాటా అయిందని దుకాణాలన్నీ దబదబా మూసేశారు. బడి నుంచి ముందుగా వచ్చేసిన పిల్లలిద్దరూ వీధిలో చిక్కుకుపోయారు. మహబూబ్ బీ వాళ్ళను రెక్క పట్టుకుని లాక్కెళ్ళి, పిండి బస్తాల గదిలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టింది. వెతుక్కుంటూ పరుగున వచ్చిన కాంతమణి భట్టీ గుమ్మంలో ఆగిపోయింది. లోపల నలుగురు రజాకార్లు తుపాకులు బల్లకు ఆనించి రొట్టెలు తింటున్నారు. దస్తగీర్ మియా వంగి వంగి వడ్డిస్తున్నాడు. తిన్నాక మిగిలిన గంపెడు రొట్టెలు కూడా ఎత్తుకుంటుంటే, "జెర పిల్లలకన్న ఉంచుండ్రి హుజూర్," అన్నాడు. ఒకడు దవడ మీద కొట్టాడు. పెదవి చిట్లింది. వాళ్ళు వెళ్ళిపోయాక మహబూబ్ బీ గొళ్ళెం తీసింది. పిల్లలు తలనిండా మైదాతో, ముసలమ్మల్లా బయటికొచ్చారు.

ఆ రాత్రి కాంతమణి భర్తకు అదంతా చెప్పింది. భయం తీరిన సంతోషంలో ఆడి కూడా చూపించింది. దస్తగీర్ మియా వంగి వంగి "హుజూర్, హుజూర్" అనడం, పిల్లలు మైదా దులుపుకోవడం. జ్ఞానశేఖర్ ఆ రోజు నవ్వలేదు. పిల్లల తలలు నిమురుతూ కూర్చున్నాడు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఆ నెలాఖరులో దస్తగీర్ మియాను మిలిటరీ వాళ్ళు జీపులో ఎక్కించుకుని బొల్లారం పట్టుకుపోయారు. రజాకార్లకు తిండి పెట్టాడని నేరం. మహబూబ్ బీ భట్టీ మూసేసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన కాగానే కాంతమణి ఇన్ని బియ్యం, ఇంత పప్పు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళేది. డిసెంబరు మొదటి ఆదివారం కూడా వెళ్ళింది.

"ఎవరో కళ్ళతోని చూసినోళ్ళే చెప్పిన్రంట, కాంతమ్మా," అంది మహబూబ్ బీ. "గీ బజార్ల మాకు గంత దుష్మన్ ఎవరున్నరో సమజైతలేదు."

"చూసినోళ్ళు ఎవరో గాని ఆపా, వాళ్ళ నోట్ల మన్నువడ, మొత్తం చూసుండరు. చూస్తే గట్ల చెప్తరా."

"మనసుల ఏముందో ఎవరికెరుక."

"గది వదిలెయ్. ఈసారి సుత కేకులకు భట్టీ ముట్టిద్దాం. నేను అందరినీ తోలుకొస్త. నీ తమ్ముడొచ్చి పార పట్టుకుంటే చాలు. భట్టీ వెలిగితే నీకు రోజు గడుస్తది."

మహబూబ్ బీ లేచి చాయ్ డబ్బా మూత తీసి చూసింది. "చాయ్‌పత్తి లేదు," అంది. కాంతమణి దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంది.

ఆ వారమంతా రోజుకొక ఇంటికి వెళ్ళి ఆడవాళ్ళకు చెప్పింది. సరేనన్నవాళ్ళు తక్కువ. కొందరు ఈసారి బొల్లారంలో చేయించుకుంటామన్నారు. ఇంకొందరు ఆమె మొహంలోకి చూడకుండా గోడకేసి చూస్తూ మాట్లాడారు. అందరికీ పండగ పనుల హడావిడి అనుకుంది కాంతమణి.

పాటల ప్రాక్టీసు రోజున చర్చిలో క్వయిరు నడిపే జకర్యా హార్మోనియం మూత వేస్తూ అన్నాడు.

"అక్కా, ఒక మాట చెప్తే ఏమనుకోవద్దు. ఆ భట్టీకి మనోళ్ళను రమ్మంటే ఎట్లొస్తరు? మీరే చెప్పి, మీరే రమ్మంటిరి."

"నేనేం చెప్పిన?"

"గదే, రజాకార్లు ఆడ తినంగ మీరు చూసిన్రని. శేఖరన్న మిలిటరీ వాళ్ళకు చెప్పిండు గదా. నాది సుత గదే వర్క్‌షాపు గదా, అన్న ఎంబడే నన్ను పిలిచిన్రు. అన్నకు మస్తు ధైర్యం. 'ఇంటి ఆడవాళ్ళను పిలవక్కర్లేదు, మా ఆవిడ కళ్ళతో చూసిందే నేను చెప్తున్నా' అన్నడు. సాహెబు లేచి చెయ్యి కలిపిండు. మీకు తెల్వదా?"

కాంతమణి పాటల పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. మళ్ళీ విడదీసింది. మళ్ళీ పేర్చింది. గలాటా జరిగిన ఆ సాయంత్రం వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. కళ్ళతో చూసినవాళ్ళంటూ ఉంటే అది తనొక్కతే. రెండు నెలలుగా తనను తానే తిట్టిపోసుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి జ్ఞానశేఖర్ నక్షత్రానికి వెదురు బద్దలు కడుతున్నాడు. ఎమిలీ ఎర్ర కాగితం కత్తిరిస్తోంది. చిన్నది దారం ఉండ పట్టుకుని నిలబడింది. రోజూ ముద్దొచ్చే ఆ దృశ్యాన్ని చూస్తూ ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత పిల్లలను ఎండుద్రాక్ష కడగమని పెరట్లోకి పంపింది.

"ఏమండీ, దస్తగీర్ మియా సంగతి మీరు చెప్పిన్రా?"

"ఎవరన్నారు?" అన్నాడు అతను.

లేదని అనలేదు. ఇంక వేరే అడగాల్సిన పని లేకపోయింది. అయినా ఆమె అడిగింది.

"ఎందుకు చెప్పిన్రు?"

అతను బద్దల ముడి విప్పి మళ్ళీ వేశాడు. "మిలిటరీ వాళ్ళు మా వర్క్‌షాపు వాళ్ళను వరసపెట్టి పిలిచారు, మణీ. అందరూ బెజవాడ పోతే నువ్వెందుకు పోలేదు అన్నారు. వాళ్ళతో లోపాయికారీగా ఉన్నావా అన్నారు. నా పక్కసీటు వాణ్ణి ఆ రోజే పట్టుకుపోయారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. నాకు తెలిసింది నువ్వు చెప్పిందొక్కటే."

"నేను చెప్పింది ఇంకా ఉండె గదా. దవడ మీద కొట్టిన్రని చెప్పిన. నెత్తురొచ్చిందని చెప్పిన. మన పిల్లలు బస్తాల ఎనక ఉన్నరని చెప్పిన. అవన్నీ ఏడ వడ్డయి?"

"వాళ్ళు అడిగినంత వరకే చెప్పాను."

"అయితే రేపు పొయ్యి మిగిలింది చెప్పుండ్రి."

"ఇప్పుడు మాట మారిస్తే నన్నే లోపలేస్తారు. నా ఉద్యోగం పోతే నీ ఒక్కదాని జీతంతో నడుస్తుందా? పండగ వెళ్ళనీ. చూద్దాం."

కాంతమణి గొంతు పెంచలేదు.

"ప్రతి ఆదివారం నేను బియ్యం పట్టుకపోతుంటే సంచి మూతి కట్టి ఇచ్చింది మీరే."

"అందుకే కదా ఇచ్చింది," అన్నాడు జ్ఞానశేఖర్.

ఆ మాట ఆమెను అన్నిటికన్నా ఎక్కువ కోసింది. అతనికి ముందే తెలుసు. ఎవరింటికి, ఎందుకు పోతోందో, ఆ ఇంట్లో కూర్చుని ఎవరిని తిడుతోందో, అన్నీ తెలిసే ముడి వేశాడు. బియ్యం జారకుండా రెండు ముళ్ళు వేశాడు.

మర్నాడు నాటకానికి చివరి ప్రాక్టీసు. అది తోటి టీచరుకు అప్పగించి, పూట సెలవడిగి, కాంతమణి మహబూబ్ బీ ఇంటికి వెళ్ళింది. "బొల్లారం మిలిటరీ ఆఫీసుకు పోదాం పా ఆపా, నేను సుత చూసిన, నేను చెప్త," అంది. మహబూబ్ బీ ఇంకేమీ అడగకుండా బురఖా వేసుకుని ఝట్కా ఎక్కింది.

దారిలో చెప్పేద్దామని కాంతమణి అనుకుంది. తిరుమలగిరి దాకా అనుకుంటూనే ఉంది. మహబూబ్ బీ ఆమె చెయ్యి వదలలేదు.

"నువ్వు చూసిన సంగతే నాకు యాదికి రాలే చూడు. పరేషాన్ల బుర్ర పనిచేస్తలేదు. నా కడుపున పుట్టినోళ్ళు సుత ఇంత చెయ్యరు, కాంతమ్మా."

ఆ తర్వాత ఇంకేం చెబుతుంది.

అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. కాంతమణి హిందుస్తానీలో మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఎవరినీ ఆడి చూపించలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా చెప్పింది. అతను విని నొసలు చిట్లించాడు.

"ఇది నాకు వేరేగా వచ్చింది. ఒక రైల్వే గుమాస్తా, తన భార్య చూసిందని చెప్పాడు. ఆ భార్య ఎవరు?"

"నేనే."

పక్క కుర్చీలో బురఖా కదిలింది. కాంతమణి అటు తిరగలేదు.

"అయితే మీ ఆయన అబద్ధం చెప్పారంటారా?"

"అబద్ధం కాదు సాహెబ్. కొట్టిన సంగతి చెప్పలేదు. నా పిల్లలను దాచిన సంగతి చెప్పలేదు."

"మీ ఆయనను పిలిచి అడగాల్సి వస్తుంది. అది తెలుసు కదా మీకు?"

"తెలుసు," అంది కాంతమణి.

విచారిస్తామన్నాడు ఆఫీసరు. దస్తగీర్ మియా ఇంటికి రావడానికి సంక్రాంతి దాటింది. జ్ఞానశేఖర్‌ను రెండుసార్లు పిలిచి, గట్టిగా మందలించి వదిలేశారు. అవన్నీ తర్వాతి మాటలు. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ ఏమీ తెలియదు.

బయటికి వచ్చాక మహబూబ్ బీ ముందు నడిచింది. ఝట్కా ఎక్కి సీటు మధ్యలో కూర్చుంది. జరగలేదు. కాంతమణి కింద ఎండలో నిలబడింది. బండివాడు ఇద్దరి మొహాలూ చూసి, దిగి గుర్రం కళ్ళెం ఊరికే సర్దుతూ నిలబడ్డాడు.

"ఎన్నడు ఎరుకైంది నీకు?"

"నిన్న."

"నిన్ననా?"

"నిన్ననే, ఆపా."

మహబూబ్ బీ రోడ్డు అవతల మిలిటరీ గుడారాల కేసి చూస్తూ కూర్చుంది. తర్వాత సీటు చెక్క అంచు మీదికి కొంచెం జరిగింది.

"ఎక్కు," అంది, ఇటు చూడకుండానే. "పిల్లలు బడి నుంచి వచ్చే యాళ్ళయింది. ఆదివారం మాత్రం రాకు."