చింతగింజ నానేదాకా

నా చిన్నప్పుడు నేను ఇద్దరి చదువు చదివాను. ఒకటి నాది, ఒకటి మా చెల్లిది. ఇప్పుడు చెవుల పక్కన జుట్టు నెరుస్తోంది, రోజూ పొద్దున్నే ముప్పై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నాను. అలసిపోతున్నావని ఇంట్లో అంటుంటారు. ఈ అలసట ఉద్యోగంతో వచ్చింది కాదని, అయిదో తరగతిలోనే మొదలైందని వాళ్లకు తెలియదు.

మాది పినపాక దాటి లోపలికి వెళితే వచ్చే ఇరవై ఇళ్ల గూడెం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టడం అప్పుడే మొదలుపెట్టారు. బడి అంటే ఒకటే గది, అయిదు తరగతులూ అందులోనే. చెప్పడానికి ఒక వాలంటీరు, ఆమెను పిల్లలందరం అక్క అనేవాళ్లం. వండడానికి ఒక పెద్దమ్మ. ఆ పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. పొద్దున్నుంచీ వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉండేది.

చెల్లి మూడో తరగతి. ఒకసారి విన్న కథను ఏడాది తర్వాత అడిగినా పొల్లు పోకుండా చెప్పేది. ఏ పిట్ట ఎలా కూస్తుందో అచ్చం అలాగే కూసి చూపించేది. పుస్తకం తెరిస్తే మాత్రం నిన్న దిద్దిన అక్షరాన్ని ఇవాళ కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసేది. మొదటి వరుస చదవబోయి మూడో వరుసలోకి జారిపోయేది. చదువు రాకపోతే ఈసారి మిరపకోతకు తోలుకుపోతానని మా నాయన అప్పటికే అనేశాడు. ఏటా చలి తగ్గాక మా గూడెం వాళ్లు ట్రాక్టరెక్కి తల్లాడ వైపు మిరపకోతకు పోయి, నెలల తరబడి అక్కడే ఉండేవారు. అలా పోయిన పిల్లల్లో తిరిగి బడికి వచ్చినవాళ్లను నేను చూడలేదు.

అందుకని చెల్లి పక్కనే కూర్చునేదాన్ని. అక్క చదవమన్నప్పుడల్లా నా పుస్తకం అడ్డం పెట్టుకుని గుసగుసగా అందించేదాన్ని. ఒక్కసారి వింటే చాలు, అది పేజీ మీద వేలు పెట్టి గడగడా అప్పజెప్పేసేది. వేలు ఒకచోట, మాట ఒకచోట. మరి రాత ఎందుకు రాదంటే, ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, మా గూడెం భాష కాబట్టి నిదానంగా వస్తుందిలే అని అందరూ సరిపెట్టుకునేవారు. సాయంత్రం నా పాఠం అయ్యాక దాని పాఠం కూడా చదివి పెట్టుకునేదాన్ని. విసుగొచ్చేది. అయినా మంచి అక్కనని నలుగురూ అంటుంటే లోపల కొంచెం గొప్పగానే ఉండేది.

కనిపెట్టింది పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు గానీ కళ్లు మంచివి. నా పెదవులు కదిలాకే చెల్లి నోరు కదులుతోందని ఎన్నాళ్ల నుంచి గమనించిందో ఏమో. ఒకరోజు చెల్లి వంతు రాగానే బియ్యం ఏరడానికి రమ్మని నన్ను కేకేసింది. నేను విననట్టు ఊరుకున్నాను. మళ్లీ పిలిచింది. అక్క వెళ్లమంది. వెళ్లి చేట ముందు కూర్చున్నాను గానీ నా చెవులన్నీ గదిలోనే ఉన్నాయి.

లోపల చప్పుడు లేదు. అక్క మళ్లీ చదవమంది. అప్పటికీ చప్పుడు లేదు. నేను లేవబోతే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని, కొంగు ముడి విప్పి, వేయించిన చింతగింజ ఒకటి నా చేతిలో పెట్టింది.

"బుగ్గన పెట్టుకో. అది నానేదాక నోరు తెరవకు."

లోపల పిల్లలు నవ్వారు. చెల్లి ఏడ్చింది. ఈ ముసలిదానికి మేమేం అన్యాయం చేశామని నాకు ఒళ్లు మండిపోయింది. గింజ రాయిలా ఉంది, కొరుకుడు పడలేదు. కళ్లనీళ్లు బియ్యంలో పడుతుంటే ఆమె చేట పక్కకు జరిపి మెల్లగా అంది. "ఎప్పుడూ సంకల ఎత్తుకొని తిరిగితే పిల్లకు నడక ఎట్లొస్తది బిడ్డా."

అక్క బయటికి వచ్చి, ఇంటి భాష వల్లేనేమో అని మళ్లీ అదే మాట అంది. పెద్దమ్మ తల ఊపలేదు. "పెద్దది గూడ గదే ఇంట్ల పుట్టింది గదమ్మా. గిది భాష కాదు, ఇంకేందో ఉన్నది." ఆ మాటతో అక్క చెల్లిని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగింది. అక్షరాలు నిలబడట్లేదని, అన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయని చెల్లి చెప్పింది. ఇన్నాళ్లూ ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు.

పెద్దమ్మ ఏరుతున్న బియ్యం ఆపకుండానే, చేట నిండా పోస్తే తనకూ రాళ్లు కనపడవని, గుప్పెడు గుప్పెడు ఇవతలికి లాక్కుని చూసుకుంటానని అంది. అక్క చాలాసేపు ఆ చేట వైపే చూసింది. మర్నాడు ఒక మోదుగాకు తెచ్చి, పెన్సిలు చెక్కే సగం బ్లేడుతో మధ్యలో సన్నటి కిటికీ కోసింది. ఆకు పేజీ మీద పెడితే ఒక్క మాటే కనిపిస్తుంది, మిగతావన్నీ ఆకు కిందికి పోతాయి. ఆ రోజు నుంచి అన్నాలయ్యాక వరండాలో చెల్లి ఆకు జరుపుకుంటూ కూర్చునేది. పక్కన నేను, బుగ్గన చింతగింజతో. చెప్పడం ఎంత సులువో, చెప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఒక్కో మాటకు ఒక్కో గింజ నానిపోయేది.

మిరపకోతకు ట్రాక్టరు వచ్చే ముందురోజు నాయన బడికి వచ్చాడు. చదవమన్నాడు. చెల్లి ఆకు పెట్టింది. పెద్దమ్మ పిలవకుండానే నేను వెళ్లి గింజ అడిగి తీసుకున్నాను. చెల్లి నుదుటి మీద చెమట, నాయన మొహంలో విసుగు, నా నాలుక చివర ఆ మాట. చెబితే చెల్లి బడిలో ఉంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. గింజను పళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. చాలాసేపటికి చెల్లి ఒక మాట చదివింది. ఆకు జరిపి ఇంకోటి. మూడో మాట సగంలో ఆగి, మళ్లీ మొదటికి వచ్చి, పూర్తి చేసింది.

"గింతేనా?" అన్నాడు నాయన. "మొన్నటిదాక గడగడ చదివేది గదా."

"అది పెద్దదాని చదువు తమ్మీ" అంది పెద్దమ్మ. "నీ చిన్నబిడ్డ సొంతగ చదివింది గివే మూడు."

దీనికి మందేమైనా ఉందా అని నాయన అక్కను అడిగాడు. మందు లేదని, బుర్రలో లోటు కూడా లేదని, రోజూ ఇలాగే పక్కన కూర్చుని ఓపిక పట్టాలని అక్క చెప్పింది. నాయన చెప్పులు వేసుకుంటూ, తాము కోత నుంచి వచ్చేదాకా ఇద్దర్నీ చూసుకోమని పెద్దమ్మతో అన్నాడు. మర్నాడు ట్రాక్టరు మమ్మల్ని వదిలేసి వెళ్లింది.

చెల్లి ఇప్పటికీ నిదానంగానే చదువుతుంది. పదో తరగతి రెండోసారికి గట్టెక్కింది. మణుగూరులో కుట్టుమిషను పెట్టుకుని, కొలతలు తనే రాసుకుంటుంది. అభ్యసన వైకల్యం అనే మాట నేను చాలా ఏళ్ల తర్వాత, టీచరు శిక్షణలో విన్నాను. చెల్లిది అదేనో కాదో ఎవరూ పరీక్షించి చెప్పలేదు. పెద్దమ్మ ఆ పేరు వినకుండానే పోయింది.

నా సంచిలో ఎప్పుడూ వేయించిన చింతగింజల డబ్బా ఒకటి ఉంటుంది. పళ్లు పాడవుతాయని ఇంట్లో తిడతారు. నిన్న మా తరగతిలో ఒక పిల్ల మొదటి వరుసలోనే ఆగిపోయింది. బెల్లు దగ్గరపడింది, ఒళ్లు అలసి ఉంది, మాట నా నాలుక చివరే ఉంది. గింజ నానిపోయింది. ఆ పిల్ల ఇంకా చూస్తూనే ఉంది. డబ్బా తీసి ఇంకొకటి బుగ్గన వేసుకున్నాను.