గవి అవతల బడి

నా చిన్నప్పుడు శామీర్‌పేట చెరువు ఒడ్డు ఇప్పుడున్నంత సాఫుగా ఉండేది కాదు. చేపలు పట్టే మా నాలుగైదు ఇండ్లకూ బడికీ నడుమ అంతా రాతి గుండ్లే. ఏనుగంత గుండు మీద ఇల్లంత గుండు. వాటి కింద, నీటి అంచున నడిచి బడికి పోయేవాళ్లం. చిన్న నడకే గాని, దారిలో దొరికిన ప్రతి సందులో కాసేపు ఆడుకోకుండా ఏ రోజూ పోలేదు. ఒక్క గవి జోలికి మాత్రం ఎవరమూ పోయేవాళ్లం కాదు. రెండు పెద్ద గుండ్లు ఒకదాన్నొకటి ఆనుకుంటే ఏర్పడిన గుహ అది. లోపల మలుపు ఉండటంతో ఈ కొస నుంచి ఆ కొస వెలుతురు కనిపించదు. అందులో ఎలుగుబంటి పడుకుంటుందని పిల్లలం చెప్పుకునేవాళ్లం.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. ఒడ్డు బాట మునిగింది. గుండ్ల మీదంతా ముళ్లకంప. బడికి పోవాలంటే ఇక ఆ గవే దారి. అంతకు రెండేళ్ల ముందు ఇట్లాగే చెరువు నిండినప్పుడు పక్కింటి అక్కను నీళ్లు తగ్గేదాకా ఇంట్లో ఉండమన్నారు. నీళ్లు తగ్గాయి. అక్క మళ్లీ బడికి పోలేదు. తమ్ముణ్ని ఎత్తుకోవడంలో, వలలు ఆరేయడంలో పడిపోయింది.

ఇప్పుడు మా బాపు నాతోనూ అదే మాట అన్నాడు. “నీళ్లు తగ్గేదాంక బడి బంద్ బిడ్డా.” కోపంతో అనలేదు. ఆయన చీకటితోనే తెప్ప మీద పోతాడు. అమ్మ చేపల గంపతో ఇంకో దిక్కునున్న ఊర్లోకి పోతుంది. సాయంత్రం బాపే తిరిగొస్తూ నన్ను తెప్ప ఎక్కించుకోగలడు. చిక్కంతా పొద్దుటిదే.

“నేను దాటిస్త” అన్నది మా అవ్వ, చిరిగిన వల అల్లుతూ, తలెత్తకుండానే.

“నీ మోకాళ్లు నిన్నే దాటిస్తలేవు, నువ్వు దీన్నేం దాటిస్తవే అమ్మా?” అని బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

మరునాడు గవి ముందు నిలబడగానే నేను అవ్వ వెనక్కి జరిగాను. అవ్వ నన్ను ముందుకు తోసి తాను వెనక నిలబడింది. మా తెప్పల మీద ఒక పద్ధతి ఉండేది. వెనక నిలబడి గడ వేసేవాడికి ముందున్న నీటి బండలు కనిపించవు. అందుకని ముందు కూర్చున్నవాడు కనిపించిందల్లా పైకి చెప్తూ పోవాలి. వెనకవాడు విన్నానన్నట్టు ఊఁ కొట్టాలి. ఊఁ రాకపోతే తెప్ప ఆగిపోవాలి.

“గిది గూడ తెప్పనే అనుకో. ముందున్నది నువ్వు. చెప్పకపోతే నా తల పగుల్తది, ఇగ నీ ఇష్టం” అంటూ అవ్వ నా జడ కొస పట్టుకుంది.

అవ్వ తల పగలగొట్టే ధైర్యం నాకు లేదు. పైన బండ కిందికుంది, వంగు అని చెప్పాను. ఊఁ అంది. ఎడమ పక్క తడి అన్నాను. ఊఁ. గబ్బిలం అని ఆగిపోతే, “అది దాని ఇల్లే, మనమే పిలవకుంట వచ్చినం. జల్దీ నడువు” అంది. కంటికి కనిపించింది మాటల్లో పెట్టే పనిలో పడితే ఎలుగుబంటిని ఊహించుకునే తీరిక లేకపోయింది. అవతలి వెలుతురులోకి వచ్చేసరికి అవ్వ మోకాలు పట్టుకుని ఆయాసపడుతోంది.

రెండో రోజు నుంచి జడ పట్టుకోవడం మానేసింది. ఊఁ మాత్రం మానలేదు. నేను చెప్పేదాన్ని, వెనక నుంచి ఊఁ వచ్చేది.

కొన్నాళ్లకు ఒక పొద్దున బయటికి వచ్చి, పోయొస్తానని చెబుదామని వెనక్కి తిరిగితే అవ్వ లేదు. పిలిచాను. ఊఁ అని వినిపించింది. గుండు ఎక్కి, ముళ్లకంప మీదుగా తొంగి చూశాను. అవ్వ ఇంటి వైపు కొసన, గవి బయటే, బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. లోపలి బండలు ఆమె గొంతును నా వీపు దాకా మోసుకొచ్చేవి.

“నువ్వు లోపలికి రాలేదా?”

“నా ఊఁ వచ్చింది గదనే.”

“ఎన్నడి సంది?”

“నువ్వు గబ్బిలానికి భయపడుడు మానినకాడి సంది. పో, గంట కొడతరు.”

ఏడుపొచ్చింది. బడి చేరేలోపే అది గర్వంగా మారింది. ఆ రోజు హాజరు పిలిచినప్పుడు నేను పలికిన గొంతుకు పంతులుగారు తలెత్తి చూశారు.

రాత్రి అన్నాల దగ్గర అవ్వ, “పోరి ఒక్కతే పోతాంది. బడి బంద్ అనేటోళ్లు ముందుగాల ఆ గవి దాటి సూపియ్యాలె” అంది. బాపు కొడవలి తీసి నూరుకున్నాడు. తెల్లారి చూస్తే గవి రెండు కొసలా ముళ్లకంప నరికేసి, దారి శుభ్రం చేసి ఉంది.

కొన్నాళ్లకు పక్కింటి అక్క పలక పట్టుకుని వచ్చి నిలబడింది. “ముందు నువ్వు నడువే” అంది, పెద్దదైనా. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. నేను అక్కడా ఆగలేదు. మా ఇండ్లలో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషిని నేనే.

కొలువులో చేరిన నాటి నుంచి డైరీలు రాస్తున్నాను. ఎంత గడ్డురోజైనా భయమేసిందని రాసుకోలేదు, ఎదురుగా ఏముందో రాసుకున్నాను. మొన్న కంటి ఆపరేషన్‌కు బల్ల మీద పడుకోబెట్టినప్పుడూ నోరు దానంతటదే మొదలుపెట్టింది. పైన గుండ్రటి లైటు, డాక్టరు చేతికి నీలం తొడుగు, కుడి పక్క ఒక పళ్లెం. అక్కడున్న నర్సమ్మ నవ్వి, ఎవరికి చెప్తున్నరు అమ్మమ్మా అని అడిగింది. వెనక ఊఁ కొట్టేటోళ్లకు అని చెప్పి, ఈసారి ఇంకొంచెం గట్టిగా మొదలుపెట్టాను.