కోడి రక్తం, క్రోమాటిన్

ఆ ఏడాది ఆదివారాలు నాకు అయిదున్నరకే తెల్లవారేవి. ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కు, రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రావణం పోసిన సీసా పట్టుకుని, పటమటలో మా సందు చివరి చికెన్ షాపుకి నడిచేదాన్ని. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని ఇంటిదాన్ని. మొదటిరోజు ఆ షాపు ముందు నిలబడలేక రెండుసార్లు ఇంటి గేటు దాకా వెనక్కి వెళ్లి వచ్చాను.

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. మూరల పొడవున్న డీఎన్ఏ పోగు, కంటికి కనపడని కణకేంద్రకంలో ప్రొటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఇమిడి ఉంటుంది. దాన్నే క్రోమాటిన్ అంటారు, నా పరిశోధన దాని మీదే. మనిషి ఎర్రరక్తకణాల్లో కేంద్రకం ఉండదు, కోడికి ఉంటుంది. పెద్ద ల్యాబుల్లో కణాలు పెంచే గదులుంటాయి. మాకున్నది పటమట చికెన్ షాపు.

షాపాయన యాభై దాటిన మనిషి. నేనడిగింది విని కత్తి పక్కన పెట్టాడు.

"రక్తమా? మందులోకా అమ్మా?"

"కాదండీ, పరిశోధనకి. కాలేజీలో."

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదండీ. సీసా ఇటివ్వండి."

మొదటివారం కాలేజీకి చేరేలోపే గడ్డకట్టింది. రెండోవారం ఆయనే, "పట్టంగానే కలపాలమ్మా, లేకపోతే నిమిషంలో పేరుకుపోద్ది" అంటూ సీసాని మెల్లగా తిరగేసి కలిపి ఇచ్చాడు.

రక్తం కుదిరింది, ట్యూబుల్ని గిర్రున తిప్పి కణాల్ని విడదీసే మా సెంట్రిఫ్యూజ్ కుదరలేదు. దానికి చల్లబరిచే ఏర్పాటు లేదు. పది నిమిషాలు తిరిగేసరికి ట్యూబులు వేళ్లకి వెచ్చగా తగిలేవి. క్రోమాటిన్ చెడకుండా ఉంటే, ఎంజైముతో కత్తిరించి, జెల్ అనే మెత్తటి పలకలో కరెంటుతో నడిపిస్తే దాని మీద నిచ్చెన మెట్లలా విడివిడి గీతలు రావాలి. నాకు పైనుంచి కిందిదాకా ఒకటే మరక వచ్చేది. ఆరు ఆదివారాలు అదే మరక. ఏదైనా సులువైన విషయానికి మారమన్నారు గైడుగారు. తల ఊపి వచ్చేశాను. ఇంట్లో కూర తరుగుతూ ఫోన్లో ఎక్కడెక్కడి ల్యాబుల వెబ్‌సైట్లో చూసేదాన్ని. వాళ్ల పరికరాల జాబితా చదువుతుంటే కడుపు మండేది.

ఒకరోజు అత్తగారు నా చీర కుచ్చిళ్ల వైపు చూశారు.

"ఆ మరకేమిటి?"

అబద్ధం చెప్పే ఓపిక లేక అంతా చెప్పేశాను.

"ముందు స్నానం చేసి రా. ఆ ఫ్లాస్కు మాత్రం నా ఫ్రిజ్ దగ్గరికి తేకు."

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మళ్లీ ఆవిడే అడిగారు. "ఇంతా చేస్తే నీక్కావలసింది వచ్చిందా?"

"లేదండీ. మా మిషను వేడెక్కిపోతుంది."

"మరి వేడెక్కని మిషను ఎవరి దగ్గరుందో వాళ్లనడుగు. ఇంట్లో ఇలా కాలుగాలిన పిల్లిలా తిరిగితే వస్తుందా?"

మంగళగిరి వైపు ఒక కాలేజీలో కూలింగ్ సెంట్రిఫ్యూజ్ ఉందని తెలిసింది. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే, "శనివారం లంచ్ టైములో ఖాళీ ఉంటది మేడమ్. రెండింటికల్లా వదిలెయ్యాలి" అంది. శనివారం సెలవు పెట్టి, పొద్దున్నే షాపులో రక్తం పట్టించుకుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. వారధి మీద ముందు లారీ ఏదో ఆగిపోయి బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు. మూత తీసి ఐసు చూడడం, మూస్తే చల్లదనం నిలుస్తుందని మూసెయ్యడం, మళ్లీ తియ్యడం. పక్కసీటావిడ, "లోపల ఏముందండీ?" అంది. "మందులండీ" అన్నాను.

రెండింటికి పదినిమిషాల ముందు సెంట్రిఫ్యూజ్ పని ముగించాను. సాయంత్రం అక్కడే టెక్నీషియన్ జెల్‌ని లైటు మీద పెట్టి, "మేడమ్, గీతలొచ్చినయ్. అయిదున్నయ్!" అంది. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

ఆ గీతల ఫొటో జతచేసి హైదరాబాద్‌లోని ఒక పరిశోధనా సంస్థలో ఆరువారాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ శిక్షణకి దరఖాస్తు పెట్టాను. వెయిటింగ్ లిస్టులో ఉన్నానని జవాబొచ్చింది. క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఫోన్ చూసుకునేదాన్ని. నెల గడిచాక ఒక గురువారం ఫోన్ వచ్చింది.

"ఒకరు మానేశారండీ. సోమవారానికి రాగలరా?"

సోమవారం నుంచే నాకు పరీక్షల డ్యూటీ. ప్రిన్సిపల్‌గారు తల ఎత్తకుండానే, "ఇప్పుడు కుదరదమ్మా" అన్నారు. సాయంత్రందాకా స్టాఫ్‌రూములో అటూ ఇటూ తిరిగాను. చివరికి నా డ్యూటీ చూస్తానన్న తోటి లెక్చరర్ సంతకంతో సెలవు చీటీ ప్రిన్సిపల్‌గారి బల్ల మీద పెట్టి, ఆయన నోట మాట రాకముందే బయటికి వచ్చేశాను.

హైదరాబాద్ శిక్షణ అయిదోవారంలో మైక్రోస్కోప్ నాకు నలభై నిమిషాలు దొరికింది. మొదటి నమూనాలో ఏమీ కనపడలేదు. రెండోదాంట్లో రంగు ఎక్కువై అంతా నలుపే. మూడోదాంట్లో, ఒక మూల, పోగుకి గుచ్చిన పూసల్లా చిన్నచిన్న ఉండలు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టబోయాను, లెక్క తప్పింది. ఈలోగా తర్వాతివాళ్లు తలుపు తట్టారు.

ఆ ఒక్క ఫొటోతో థీసిస్‌లో ఒక అధ్యాయం నిలబడింది. తిరిగొచ్చాక ప్రిన్సిపల్‌గారు రెండు నెలలు ముభావంగా ఉన్నారు, తర్వాత మామూలైపోయారు. నేనే మామూలు కాలేకపోయాను. ఆ ఉండల లోపల ప్రొటీన్ ఎలా ముడుచుకుందో చూడాలని ఉంది. దానికి ఇంకా పెద్ద మైక్రోస్కోప్ కావాలి. అది ఉన్న ల్యాబులో శిక్షణకి దరఖాస్తు గడువు ఈ శుక్రవారం. ఇవాళ హాల్‌టికెట్లు పంచుతూనే రెండో పేజీదాకా నింపాను.