అక్క చెప్పిన సాక్ష్యం, ఆగిపోయిన కుడుకలు

మొన్న ఎయిర్‌పోర్టులో నా ముఖం చూడగానే గాజు తలుపు దానంతటదే తెరుచుకుంది. యాభై దాటిన ఈ ముఖాన్ని చూసి మా ఇంటి కుక్క కూడా ఒక్కోసారి మొరుగుతుంది, అలాంటిది ముక్కూ మొహం తెలియని యంత్రం రెప్పపాటులో గుర్తుపట్టి లోపలికి దయచేయమన్నదంటే కొంచెం పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఆ పొంగు పది నిమిషాలు నిలవలేదు. బెల్టు విప్పి, గడియారం తీసి, చేతులు బార్లా చాపి చేనులో దిష్టిబొమ్మలా నిలబడి అవతలికి వచ్చేసరికి అందరి సంచులూ వచ్చాయి గానీ మాది రాలేదు. పక్కదారి పట్టి, ఒక భద్రతాధికారిణి ముందు ముద్దాయిలా కూర్చుంది.

అందులో ఉన్నవి ఐదు కుడుకలు. అవే, ఎండుకొబ్బరి చిప్పలు. పుణెలో ఉంటున్న మా అక్కకు ఒడిబియ్యం పోయడానికి నేనూ నా భార్యా బయల్దేరాం. ఆడపిల్లను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు పట్టించిన బియ్యంలో కుడుకలూ ఖర్జూరాలూ పోకలూ వేసి ఆమె ఒడి నింపడం మన ఇళ్లలో ఉన్నదే. అక్కకు మోకాలి ఆపరేషన్ అయి ఈసారి కదల్లేనన్నది, కాబట్టి పుట్టింటినే సంచిలో పెట్టుకుని మేము కదిలాం. ఆ కుడుకలు దుకాణంలో కొన్నవి కావు. శామీర్‌పేట పోయే దారిలోని మా పొలమంతా వెంచర్లలో కలిసిపోయాక ఇంటి వెనుక మిగిలిన ఒకే ఒక్క కొబ్బరిచెట్టు కాయలవి. అక్క చిన్నప్పుడు గిన్నెలు కడిగిన నీళ్లు పోసి బతికించిన చెట్టు. "ఏం తెచ్చినా తేకున్నా గా చెట్టు కుడుకలైతే తేరా" అని ఫోన్లో ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. నా భార్య పదిహేను రోజులు మిద్దె మీద కాకులను తోలుతూ వాటిని ఎండబెట్టింది.

అధికారిణి మంచి మనిషే. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుంది, విమానంలోకి రానివ్వమని ఓపికగా చెప్పింది. మా ముఖాలు చూసి జాలిపడి, చిన్న చిన్న ముక్కలుగా పగలగొట్టుకుంటే తీసుకుపోవచ్చునని కూడా అన్నది. ఆ మాటతో నా భార్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పగిలిన కుడుకను ముత్తయిదువ ఒడిలో పోసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? పగలగొట్టడం కంటే వదిలిపెట్టడం నయం. నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి సమయాలకు నా నాలుక కింద ఒక కథ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కానీ భార్య నా మోచేయి మెలిపెట్టి గిల్లింది. "నోరు మూస్కో. ఈడ నీ గప్పాలు కొడితే ఇద్దర్ని లోపలేస్తరు" అన్నది పళ్ల సందులోంచి. నిజమే, పరాచికాలు ఆడరాదని గోడకు రాసే పెట్టారు. ఐదు కుడుకలూ ఒక్కొక్కటిగా పక్కనున్న చెత్తడబ్బాలో పడుతుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను మౌనంగా చూస్తూ నిలబడ్డాను.

విమానంలో కిటికీ పక్కన కూర్చున్నాక, కుడుకలూ పోలీసూ కలిసిన ఇంకొక తనిఖీ గుర్తుకొచ్చింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. జీడిమెట్లలో ఒక కర్మాగారంలో ఫిట్టరు పని. పొద్దున్నే మేడ్చల్ నుంచి బస్సు మెట్ల మీద వేలాడుతూ సుచిత్ర దాకా పోయి అక్కడి నుంచి కాళ్లకు పని చెప్పడం, సాయంత్రం ఊళ్లో మా చిన్నాయన చాయ్ హోటల్లో కూర్చుని నోటికి పని చెప్పడం. దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానాలు మా నెత్తి మీదుగా గిరికీలు కొడుతుంటే నేను ఊరుకుంటానా? ఒకనాడు ఒక విమానం మా చేలో దిగిందనీ, నడిపే ఆయన చాయ్ తాగి వచ్చేదాకా పట్టుకొమ్మన్నాడనీ, నేను ఊరికే పట్టుకోవడమెందుకని శామీర్‌పేట చెరువు మీద ఒక చుట్టు తిప్పి, చక్రాలు నీళ్లలో కడిగి తెచ్చి అప్పగించాననీ చెప్పాను. నవ్వారు, ఇంకో చాయ్ పోయించారు. వినేవాళ్లు పెరిగితే కథ కూడా పెరగాలి కదా. అడవుల్లో నక్సలైట్ అన్నల ముచ్చట ఊరూరా గుసగుసగా నడిచే రోజులవి, మన ఈడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం ఊపులో, నేను నర్సాపూర్ అడవిలో అన్నలతో కలిసి జొన్నరొట్టె తిన్నాననీ, వాళ్ల చీటీ ఒకటి చేరవేశాననీ కూడా వదిలాను. వదిలి నేను మరిచిపోయాను. విన్నవాళ్లు మరవలేదు.

అంతలో మా ఫోర్‌మెన్ పుణ్యాన నాకు మస్కట్‌లో ఉద్యోగం కుదిరింది. రెండేళ్లుగా బోరు ఎండిపోయి నాయిన దిగులు పడి ఉన్నాడు, ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే కళ్లు పెట్టుకుంది. పాస్‌పోర్టు వస్తేనే ఉద్యోగం, ఎంక్వైరీ బాగుంటేనే పాస్‌పోర్టు. ఆ ఎంక్వైరీకి మామూలు బట్టల్లో ఒక పోలీసాయన లూనా మీద వచ్చాడు. పద్ధతి ప్రకారం, ఇంటికి వచ్చే ముందు ఊళ్లో నాలుగు మాటలు అడుగుదామని చిన్నాయన హోటల్ దగ్గరే ఆగాడు. చిన్నాయనకు నేనంటే ప్రాణం. పాస్‌పోర్టు ఇవ్వాలంటే పిల్లవాడెంత గొప్పవాడో సర్కారుకు తెలియాలి గదా అనుకున్నాడు. "మా పిలగాడు మామూలోడు గాదు సార్. విమానం నడిపిండు. అడవిల అన్నలతోని కూసొని రొట్టె తిన్నడు. గంత గుండె వానిది" అని మలాయి వేసిన చాయ్ చేతికిస్తూ చెప్పాడట. పోలీసాయన ఆ చాయ్ సగంలో దించి, నోటుబుక్కు తీశాడు.

ఆయన మా వాకిట్లో అడుగుపెట్టేసరికి, పెళ్లయిన మూడో ఏడు కాబట్టి అక్కకు ఒడిబియ్యం పోసే ఏర్పాట్లలో ఉన్నాం. అమ్మ తాంబాళంలో బియ్యానికి పసుపు పట్టిస్తోంది, అక్క కొత్త చీరలో పీట మీద కూర్చుంది. పోలీసాయన నన్ను పక్కకు పిలవనైనా పిలవలేదు. "ఏ దళం? చీటీ ఎవనికిచ్చినవ్?" అన్నాడు. నాయిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతా ఉత్తదే సార్, నవ్వులాటకు చెప్పానన్నాను. బహుశా నా జన్మలో నేను పలికిన మొదటి నిజం అదే, దాన్ని ఒక్కరూ నమ్మలేదు. "దొరికినంక అందరు గట్లనే అంటరు" అని ఆయన రాసుకుంటున్నాడు.

అప్పుడు అక్క పీట మీది నుంచి లేవకుండానే అందుకుంది. "సార్, జర ఆగుండ్రి. గీడు అడవికి పోయిండా? పొద్దుగూకినంక బాయికాడికి పోవాల్నంటె నా కొంగు వట్టుకొని వస్తడు. మొన్న మీద గొంగళి పురుగు పడ్డదని ఊరంత ఉరికిండు. గీన్ని ఏ అన్నలు పెట్టుకుంటరు? విమానం నడిపిన్నని గూడ చెప్పిండు గద, మరి దానికేం కేసు పెడ్తరు?" పోలీసాయన పెన్ను ఆగింది. అక్క నా వైపు తిరిగి, "ఏంది గట్ల సూస్తున్నవ్? సార్‌కు విమానం ముచ్చట చెప్పు" అన్నది.

నేను వణుకుతూనే మొదలుపెట్టాను. చెరువు మీదికి వచ్చేసరికి వణుకు పోయింది. చక్రాలు కడిగే చోటికి వచ్చేసరికి హుషారు వచ్చి, చెరువులోంచి బొచ్చె చేప ఒకటి రెక్క మీదికి ఎగిరిందనీ, దిగాక నడిపే ఆయనా నేనూ దాన్ని పులుసు పెట్టుకున్నామనీ అప్పటికప్పుడు ఒక కొత్త ముక్క కలిపాను. ముందు పోలీసాయన మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. రాసినదంతా అడ్డంగా కొట్టేసి, "నీ అసొంటోన్ని దేశం దాటిచ్చుడే మంచిది" అన్నాడు. పోతుంటే అక్క గంపలోంచి ఒక కుడుక తీసి, అందులో బెల్లం ముక్క పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని రుమాలులో భద్రంగా కట్టుకుని లూనా ఎక్కాడు. నాకు పాస్‌పోర్టు వచ్చింది, మస్కట్ డబ్బులతో నాయిన బోరులో మళ్లీ నీళ్లు వచ్చాయి.

పుణెలో బావగారు పక్క వీధి దుకాణం నుంచి తెచ్చిన కుడుకలతోనే ఒడిబియ్యం పోశాం. అక్క ఒక కుడుకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మా ఇద్దరి వైపూ చూసింది. నా భార్య తల దించుకుంది. ఇక్కడ నన్ను గిల్లేవాళ్లు లేరు కాబట్టి నేను నోరు విప్పాను: విమానం సగం దారిలో ఉండగా ఇంజనులో నూనె అయిపోయిందనీ, నడిపే ఆయన వచ్చి ఎవరి దగ్గరైనా నూనె ఉందా అని బతిమాలాడనీ, చేసేది లేక మన చెట్టు కుడుకలు గానుగ పట్టి పోస్తే ఆ నూనెతోనే దిగామనీ, ఇన్ని ప్రాణాలు కాపాడింది నువ్వు పోసిన గిన్నెల నీళ్లేననీ చెప్పాను. అక్క నవ్వి నవ్వి ఆపరేషన్ అయిన మోకాలు పట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "కుడుకలు ఆడనే పోయినా, పుట్టింటి అబద్ధమైతే పగలకుంట వచ్చింది తియ్" అన్నది.

ఆ యంత్రాలను నేను తప్పుపట్టను, వాటి పని వాటిది. ఇప్పుడు నా గురించి ఎవరినీ అడగనవసరం లేదట, అన్నీ ముందే వాళ్ల దగ్గర ఉంటాయట. లూనా దిగి, చాయ్ తాగి, మా వాకిట్లో నిలబడి, వీడెట్లాంటివాడని నా వాళ్లను అడిగినవాడు ఆ పోలీసాయనే ఆఖరు. తిరుగు ప్రయాణంలో అక్కడి గాజు తలుపు కూడా నా ముఖం చూసి తెరుచుకుంది. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని నేను ఒక్క క్షణం ఆగాను. వెనుకవాళ్లు ముందుకు జరగమన్నారు.